వైరస్ సోకిన ఊపిరితిత్తులు: రక్షణ వ్యవస్థ తీరుతెన్నులు

తీవ్రమైన వైరల్ శ్వాసకోశ వ్యాధిలో మనిషి ప్రాణం మీదికి తెచ్చేది వైరస్ ఒక్కటే కాదు. దాన్ని అడ్డుకోవడానికి ఊపిరితిత్తుల్లో మొదలైన రక్షణ చర్య వేళ తప్పినా, హద్దు దాటినా, గాలి ఉండాల్సిన చోట నీరూ, చచ్చిన కణాలూ, గడ్డకట్టిన మాంసకృత్తులూ నిండుతాయి. ఇన్‌ఫ్లుయెంజా, సార్స్, కోవిడ్, బర్డ్ ఫ్లూ, పసిపిల్లల్లో ఆర్ఎస్‌వీ... వైరస్ ఏదైనా ముదిరిన దశలో ఎక్స్‌రే మీద కనిపించే తెల్లదనం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఒకే ఇంట్లో ఒకరిని మూడు రోజుల జ్వరంతో వదిలేసిన వైరస్ మరొకరిని వెంటిలేటర్ దాకా ఎందుకు తీసుకుపోతుంది? గత ఇరవై ఏళ్లలో దొరికిన సమాధానాల్లో చాలావరకు కాలం చుట్టూ తిరిగేవే. రక్షణ చర్య ఎంత బలంగా ఉందో చూస్తే సరిపోదు, అది ఏ రోజున మొదలైందో, ఏ రోజున ఆగిందో కూడా చూడాలి.

ఈ జబ్బు తెలుగు నేలకు కొత్త కాదు. 1918లోనే ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశం మీద పడింది. జూన్‌లో బొంబాయి రేవులో కనిపించిన తొలి విడత చాలామందిని మంచాన పడేసినా పెద్దగా చంపలేదు. సెప్టెంబరులో మొదలైన రెండో విడత అలా పోలేదు. అది రైలు మార్గాల వెంట పాకి అక్టోబరు నాటికి మద్రాసు ప్రెసిడెన్సీ అంతా వ్యాపించింది. బొంబాయి, మధ్య పరగణాలతో పోలిస్తే మద్రాసు ప్రెసిడెన్సీలో మరణాల రేటు తక్కువ. అయినా దేశం మొత్తం మీద కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల మంది దాకా పోయారని జనాభా శాస్త్రవేత్తల అంచనాలు. ఆ ఏడాది వానలు ముఖం చాటేయడంతో తిండిగింజలకూ కరువొచ్చింది. భారత జనాభా లెక్కల చరిత్రలో జనం తగ్గిన దశాబ్దం 1911-21 ఒక్కటే.

ఆ మహమ్మారిలో వింతేమిటంటే, ఫ్లూ మామూలుగా పసివాళ్లనూ ముసలివాళ్లనూ తీసుకుపోతుంది, 1918లో మాత్రం ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య గట్టి మనుషులు కూలిపోయారు. బలమైన శరీరం బలంగా తిరగబడి తనను తానే దెబ్బతీసుకుందన్న వాదన అప్పటి నుంచి వినిపిస్తూనే ఉంది. 2005లో శాస్త్రవేత్తలు ఆ వైరస్‌ను ప్రయోగశాలలో తిరిగి తయారుచేశారు. 2007లో కోతులకు ఎక్కించి చూస్తే, మామూలు ఫ్లూలో కొద్ది రోజులకు చల్లారే రక్షణ చర్య ఇక్కడ ఆగకుండా సాగింది, తొలి రోజుల్లో వైరస్‌ను ఆపాల్సిన ఇంటర్‌ఫెరాన్ దారి మాత్రం గాడి తప్పింది. అయితే కథ అంతటితో తేలలేదు. భద్రపరిచిన శవపరీక్ష నమూనాలను 2008లో మళ్లీ చూసినప్పుడు చాలా ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా న్యుమోనియా ఆనవాళ్లు కనిపించాయి. అంటే వైరస్ తలుపు తీసింది, లోపలికి వచ్చినవాళ్లు మరికొందరు. పెన్సిలిన్ ఇంకా పుట్టని రోజులవి.

ఇదంతా జరిగే చోటు చాలా సున్నితమైంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో దాదాపు 30 కోట్ల నుంచి 50 కోట్ల వాయుగోణులు ఉంటాయి. అన్నింటినీ పరిస్తే వైశాల్యం సుమారు 70 చదరపు మీటర్లు. గాలికీ రక్తానికీ మధ్య గోడ మందం చాలాచోట్ల మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. ఆ గోడలో 95 శాతం పరచుకున్నవి పలచటి ఒకటో రకం కణాలు. మూలల్లో కూర్చున్న రెండో రకం కణాలు సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పదార్థాన్ని స్రవిస్తాయి, ఊపిరి వదిలినప్పుడు వాయుగోణులు మూసుకుపోకుండా కాపాడేది అదే. ఒకటో రకం కణాలు చస్తే వాటి స్థానంలోకి కొత్తవి వచ్చేదీ ఈ రెండో రకం నుంచే. కరోనా వైరస్ ఆనుకునే ఏసీఈ2 గ్రాహకం వీటి మీదే ఉండటం దురదృష్టం. నెమ్ము చేసిన మనిషికి ఆయాసం ఎందుకొస్తుందో ఈ ఒక్క సంగతిలోనే సగం తెలిసిపోతుంది.

రోజూ వేల లీటర్ల గాలితో పాటు దుమ్ము, పొగ, బూజు, క్రిములు లోపలికి వస్తూనే ఉంటాయి. ప్రతిదానికీ వాపు వస్తే మనిషి బతకడు. అందుకే వాయుగోణుల్లో కాపు కాసే మాక్రోఫేజ్ కణాలు చప్పుడు చేయకుండా చెత్తను మింగేసే పనికి అలవాటుపడి ఉంటాయి. చుట్టుపక్కల కణాలు విడుదల చేసే టీజీఎఫ్-బీటా వంటి సంకేతాలు వాటిని అదుపులో పెడతాయి. తీవ్ర కోవిడ్‌లో, ఫ్లూలో తొలి రోజుల్లోనే ఈ పాత కాపలాదారులు తగ్గిపోతారు. వాళ్ల ఖాళీల్లోకి రక్తం నుంచి వచ్చే మోనోసైట్లకు ఈ సంయమనం ఉండదు.

వైరస్ కణంలోకి దూరి తన ఆర్ఎన్ఏను నకలు తీయడం మొదలుపెట్టగానే కణంలోని పసిగట్టే అణువులు మేలుకుంటాయి. ఇన్‌ఫ్లుయెంజాను ప్రధానంగా రిగ్-ఐ, కరోనా వైరస్‌ను ఎండీఏ5 గుర్తిస్తాయి. ప్లాస్మసైటాయిడ్ డెండ్రైటిక్ కణాలనేవి టీఎల్ఆర్7 అనే గ్రాహకం సాయంతో తాము ఆ వైరస్ బారిన పడకుండానే దాని జాడ పట్టగలవు. ఇలా పసిగట్టి చేసే హెచ్చరికల ఫలితం ఇంటర్‌ఫెరాన్. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కోడిగుడ్డు పొరల్లో ఫ్లూ వైరస్‌తో ప్రయోగాలు చేస్తూ కనిపెట్టిన పదార్థమిది. ఇంటర్‌ఫెరాన్ తగిలిన పొరుగు కణాల్లో వందలాది జన్యువులు పనిలోకి దిగుతాయి. కొన్ని వైరస్‌ను గుమ్మంలోనే ఆపుతాయి, కొన్ని దాని ఆర్ఎన్ఏను ముక్కలు చేస్తాయి, కొన్ని మాంసకృత్తుల తయారీనే నిలిపేస్తాయి. తొలి రెండు మూడు రోజుల్లో ఈ పని సాగితే చాలామందికి జబ్బు జలుబుతో పోతుంది.

వైరస్‌లకూ ఈ సంగతి బాగా తెలుసన్నట్టే ఉంటుంది. ఫ్లూ వైరస్ తయారుచేసే ఎన్ఎస్1 అనే ప్రొటీన్ రిగ్-ఐ నోరు నొక్కుతుంది. కరోనా వైరస్ ప్రొటీన్ ఎన్ఎస్‌పీ1 కణపు ప్రొటీన్ కర్మాగారాన్ని ఆపి ఇంటర్‌ఫెరాన్ పుట్టకుండా చూస్తుంది. మనిషి వైపు నుంచీ లోపాలు ఉంటాయి. 2020లో నెదర్లాండ్స్‌లో రెండు కుటుంబాల్లో, ఏ ఇతర జబ్బూ లేని నలుగురు యువకులు కోవిడ్‌తో ఐసీయూ పాలైతే వెతికి చూశారు. వాళ్లకు ఎక్స్ క్రోమోజోమ్ మీది టీఎల్ఆర్7 జన్యువు చెడిపోయి ఉంది. అదే ఏడాది ప్రాణాపాయ స్థితిలో ఉన్న 987 మంది కోవిడ్ రోగుల రక్తం పరీక్షిస్తే 101 మందిలో వాళ్ల సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనీయని ప్రతిరక్షకాలు దొరికాయి. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లు. ఈ ప్రతిరక్షకాలు వయసుతో పాటు పెరుగుతాయి, డెబ్భై దాటినవారిలో ఎక్కువ. కోవిడ్ పెద్దవాళ్లను, అందులోనూ మగవాళ్లను ఎక్కువగా ఎందుకు తీసుకుపోయిందన్నదానికి ఇదొక పాక్షిక కారణం.

మొదటి వారం ఇలా చేజారితే రెండో వారంలో కథ మారుతుంది. వైరస్ సంఖ్య అప్పటికే పెరిగి ఉంటుంది. ఆలస్యంగా మేలుకున్న కణాలు ఐఎల్-6, ఐఎల్-1బీటా, టీఎన్ఎఫ్ వంటి సైటోకైన్లను, అంటే రక్షణ కణాలను పిలిచే సంకేత ప్రొటీన్లను, కుమ్మరిస్తాయి. రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా వస్తాయి. ఇవి చస్తూ చస్తూ తమ డీఎన్ఏను వలలా విసురుతాయి. ఆ వలకు బ్యాక్టీరియా చిక్కడం ఎంత నిజమో, సన్నటి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడమూ అంత నిజం. కేశనాళికల గోడలు వదులై ప్లాస్మా బయటికి ఊరుతుంది, సర్ఫాక్టెంట్ కొట్టుకుపోతుంది, వాయుగోణుల లోపలి గోడకు చచ్చిన కణాల పొర అంటుకుంటుంది. దీన్నే వైద్యులు ఏఆర్‌డీఎస్ అంటారు. 1967లో 12 మంది రోగుల మీద వచ్చిన వ్యాసంతో ఇది వైద్యశాస్త్రంలో చోటు చేసుకుంది.

ఈ దశలో కణాలు ఎలా చస్తున్నాయన్న ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో ముందువరసలో ఉన్న పేరు మన తెలుగు పేరే. కొత్తగూడెం నుంచి వెళ్లిన కన్నెగంటి తిరుమలాదేవి సింగరేణి మహిళా కళాశాలలో డిగ్రీ, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేశారు. 2007 నుంచి అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి పరిశోధనా విభాగంలో పనిచేస్తున్నారు. అంతకుముందు ఒహాయోలో ఆమె చేసిన పని మొక్కల మీద: బంగాళాదుంపను నాశనం చేసే ఫైటోఫ్తోరా తెగులు తగిలితే ఆకు కణాలు ఎలా చస్తాయో చూడటం. మిరప చేలో వేరు, కాండం కుళ్లబెట్టే ఫైటోఫ్తోరా క్యాప్సిసై దీని దాయాదే. తెగులు సోకిన ఆకు కణం తనంతట తాను చచ్చి చుట్టుపక్కలకు పాకకుండా ఆపుతుంది. మొక్కల్లో తెగులును పసిగట్టే ప్రొటీన్లకూ మనుషుల్లో క్రిములను పసిగట్టే ఎన్ఎల్ఆర్ ప్రొటీన్లకూ నిర్మాణంలో పోలికలున్నాయి. గుంటూరు సీమ రైతులు చేలో చూసే మాడిన మచ్చ వెనక ఉన్న తర్కమే ఊపిరితిత్తిలోనూ నడుస్తుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఆమె పరిశోధన నడిచిన దారి మాత్రం అదే.

2016లో ఆమె బృందం ఇన్‌ఫ్లుయెంజాను జెడ్‌బీపీ1 అనే ప్రొటీన్ గుర్తించి కణ మరణానికి తెరతీస్తుందని చూపింది. పైరోప్టోసిస్, అపోప్టోసిస్, నెక్రోప్టోసిస్ అని విడివిడిగా చదువుకునే మూడు రకాల కణ మరణాలు ఒకే కూటమిగా నడుస్తాయని ప్రతిపాదించి దానికి పాన్‌ఆప్టోసిస్ అని పేరు పెట్టింది. కోవిడ్ వచ్చాక వాళ్లు వేసుకున్న ప్రశ్న సూటిగా ఉంది: ఇన్ని సైటోకైన్లలో నిజంగా చంపేది ఏది? ఒక్కొక్కటిగా వేసి చూస్తే కణాలు పెద్దగా చావలేదు. టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా రెండూ కలిసినప్పుడు చచ్చాయి. ఆ రెంటినీ ప్రతిరక్షకాలతో అడ్డుకుంటే వైరస్ సోకిన ఎలుకలు ఎక్కువగా బతికాయి. 2021 జనవరిలో సెల్ పత్రికలో వచ్చిందీ ఫలితం. 2022లో మరొకటి తేలింది: జబ్బు సోకిన ఎలుకలకు ఇంటర్‌ఫెరాన్-బీటా ఇస్తే జెడ్‌బీపీ1 ద్వారా కణ మరణం పెరిగి అవి ఎక్కువగా చచ్చాయి.

మనుషుల్లోనూ ఈ కాల నియమం కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ పరీక్షలో ఆసుపత్రిలో చేరినవారికి ఇంటర్‌ఫెరాన్-బీటా ఇస్తే ప్రయోజనం కనబడలేదు. 2023లో వెలువడిన మరో పరీక్షలో, లక్షణాలు మొదలైన వారంలోపు ఒకే ఒక్క ఇంటర్‌ఫెరాన్-లాంబ్డా సూది వేసినవారిలో ఆసుపత్రి అవసరం 5.6 శాతం నుంచి 2.7 శాతానికి దిగింది. ఈ రెంటిలో వాడిన ఇంటర్‌ఫెరాన్ రకాలు వేరన్నది నిజమే. అయినా తొలివారపు మందు వేరు, మలివారపు మందు వేరు అన్న మాట తోసేయదగ్గది కాదు.

'సైటోకైన్ తుఫాను' అన్న మాట 2020లో టీవీల్లో మార్మోగిపోయింది. దాన్ని కాస్త తగ్గించి వాడటమే మంచిది. తీవ్ర కోవిడ్ రోగుల రక్తంలో ఐఎల్-6 పెరిగిన మాట నిజమే గానీ, బ్యాక్టీరియా సెప్సిస్‌లో కనిపించే స్థాయితో పోలిస్తే అది చాలా తక్కువ. నష్టం ఎక్కువగా ఊపిరితిత్తి లోపలే, చిన్న చిన్న తావుల్లో జరుగుతుంది, చేతి నరంలోంచి తీసిన రక్తం ఆ సంగతి పూర్తిగా చెప్పదు.

ఈలోగా శోషరస గ్రంథుల్లో టి కణాలు, బి కణాలు తయారవుతాయి. వారం గడిచాక ఊపిరితిత్తులకు చేరే సీడీ8 టి కణాలు వైరస్ దాగిన కణాలను వెతికి చంపుతాయి. కొందరిలో జబ్బును ముగించేది ఇవే. కొందరిలో, అప్పటికే వాచిన ఊపిరితిత్తిలో ఇవి విడిచే ఇంటర్‌ఫెరాన్-గామా మంటకు ఆజ్యం పోస్తుంది. వయసు మీరినకొద్దీ కొత్త టి కణాలు పుట్టడం తగ్గుతుంది, వచ్చేవీ ఆలస్యంగా వస్తాయి.

గుంటూరు, ప్రకాశం మైదానాల గాలి గురించి ఇక్కడో మాట చెప్పుకోవాలి. మిరప కల్లాల్లో, మిర్చి యార్డులో దగ్గు తెప్పించే క్యాప్సైసిన్ శ్వాసనాళాల నరాల మీదున్న టీఆర్‌పీవీ1 గ్రాహకాన్ని తాకుతుంది. దాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఈ నరాలు దగ్గుతోనే ఆగవు, రక్షణ కణాలతోనూ మాట్లాడతాయి. 2018లో ఎలుకల్లో చేసిన పరిశోధనలో ఈ నరాలను తొలగిస్తే స్టాఫ్ బ్యాక్టీరియా న్యుమోనియాను ఆ ఎలుకలు మెరుగ్గా తట్టుకున్నాయి. జిన్నింగు మిల్లుల్లో పత్తి ధూళితో వచ్చే ఎండోటాక్సిన్ టీఎల్ఆర్4ను తట్టి శ్వాసనాళాల్లోకి న్యూట్రోఫిల్స్‌ను పిలుస్తుంది. ఇలా ఏళ్ల తరబడి రాపిడికి గురైన ఊపిరితిత్తికి కొత్త వైరస్ వస్తే తట్టుకునే తాహతు తక్కువే కావచ్చు. కారం తింటే కరోనా రాదన్న ప్రచారానికి మాత్రం ఇందులో ఏ ఆధారమూ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో కోవిడ్ తొలి కేసు 2020 మార్చిలో నెల్లూరులో బయటపడింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో డెల్టా విడత వచ్చేసరికి 'సాచురేషన్ ఎంత, స్కాన్‌లో స్కోరు ఇరవై అయిదుకి ఎంత' అన్నవి ప్రతి ఇంట్లో వినిపించిన మాటలు. అయిదు తమ్మెలకు తలా అయిదు మార్కుల చొప్పున ఊపిరితిత్తులు ఎంతమేర దెబ్బతిన్నాయో చెప్పే లెక్క అది. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా ఒత్తిడి పడిపోయి 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. వాయుగోణుల్లో నీరు నిండిన మనిషికి దాచుకున్న ప్రాణవాయువంటూ ఉండదు, నిమిషాలే గడువు. అదే నెలలో కృష్ణపట్నంలో నాటుమందు కోసం వేలమంది బారులు తీరారు, ఆక్సిజన్ పెరుగుతుందని కొందరికి కంట్లో చుక్కలూ వేశారు. కంటి చుక్కకు వాయుగోణిలోని నీటిని తోడే దారి లేదు. రోగిని బోర్లా పడుకోబెట్టడం అంతకంటే చవక, అంతకంటే పనికొచ్చేది. వీపు వైపున్న పెద్ద భాగం మీద గుండె బరువు తగ్గి అక్కడ గాలి ఆడుతుంది. 2013లో ఫ్రెంచి వైద్యులు తీవ్ర ఏఆర్‌డీఎస్ రోగుల్లో ఈ పద్ధతి వల్ల 28 రోజుల మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయని చూపారు.

మందుల్లో గట్టిగా నిలిచింది డెక్సామెథసోన్, రూపాయల్లో దొరికే పాత స్టెరాయిడ్. 2020లో వెలువడిన బ్రిటన్ రికవరీ పరీక్ష ఫలితాల ప్రకారం రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల వరకు ఇస్తే వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి, ఆక్సిజన్ మీదున్నవారిలో 26.2 నుంచి 23.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరమే లేనివారిలో మేలు కనబడలేదు. పైగా మందు తీసుకున్నవారిలో 17.8 శాతం, తీసుకోనివారిలో 14 శాతం చనిపోయారు. మంటను ఆర్పే మందు, వైరస్ ఇంకా పెరుగుతున్న రోజుల్లో కాపలాను పడుకోబెడుతుంది. ఈ తేడా మన దగ్గర చాలామందికి చేరలేదు. జ్వరం తగిలిన రెండో రోజే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టినవాళ్లు తక్కువేమీ కాదు. దానికి అదుపులో లేని చక్కెర జబ్బు తోడైనచోట బ్లాక్ ఫంగస్ అని జనం భయపడిన మ్యూకర్‌మైకోసిస్ వచ్చింది. హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి 2021 వేసవిలో ఆ రోగులతో నిండిపోయింది.

పల్నాడులో మరో రకం హెచ్చరిక వచ్చింది. 2025 మార్చిలో నరసరావుపేటకు చెందిన ఒక చిన్నారి మంగళగిరి ఎయిమ్స్‌లో చికిత్స పొందుతూ హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూతో మరణించింది. పక్షుల ఫ్లూ వైరస్ ఇష్టపడే సియాలిక్ ఆమ్ల గ్రాహకాలు మనుషుల్లో ముక్కు, గొంతుల కంటే వాయుగోణుల దగ్గర ఎక్కువ. అందుకే అది మనిషి నుంచి మనిషికి తేలిగ్గా పాకదు, పట్టుకుంటే మాత్రం నేరుగా లోతుకు దిగుతుంది. 2006లో వియత్నాం రోగుల మీద వచ్చిన అధ్యయనం, చనిపోయినవారిలో వైరస్ పరిమాణమూ సైటోకైన్లూ రెండూ ఎక్కువగా ఉన్నాయని చూపింది. వైరస్‌ను ముందే తగ్గించే ఒసెల్టామివిర్ వంటి మందు తొలి రెండు రోజుల్లో పడాలని వైద్యులు పట్టుబట్టేది ఇందుకే.

టీకాల దగ్గరికి వస్తే, పైన చెప్పిన టీఎల్ఆర్7 మళ్లీ ఎదురవుతుంది. భారత్ బయోటెక్ కోవాక్సిన్‌లో చంపిన వైరస్‌తో పాటు టీఎల్ఆర్7, 8లను తట్టే అణువును పటిక లవణానికి అంటించి కలిపారు. వైరస్ ఆర్ఎన్ఏ మేల్కొలిపే గ్రాహకాన్నే వైరస్ లేకుండా మేల్కొలపడం దాని ఉద్దేశం. బయోలాజికల్-ఇ తయారుచేసిన కోర్బెవ్యాక్స్‌లో ఆ పని టీఎల్ఆర్9ను తట్టే డీఎన్ఏ ముక్క చేస్తుంది. రెండూ భుజానికి వేసే సూదులే, రక్తంలో ఐజీజీ ప్రతిరక్షకాలు బాగా పెరుగుతాయి, ముక్కు లోపలి ఐజీఏ అంతగా పెరగదు. ఆ లోటు తీర్చాలని భారత్ బయోటెక్ 2023 జనవరి 26న ముక్కులో వేసే ఇన్‌కోవ్యాక్‌ను విడుదల చేసింది. జనం అప్పటికే టీకాలకు దూరమయ్యారు, దాన్ని వేయించుకున్నవాళ్లు తక్కువ.

బతికి బయటపడినవారిలో ఊపిరితిత్తి బాగుపడటం మళ్లీ రెండో రకం కణాల మీద ఆధారపడి ఉంది. అవి చీలి, పలచబడి ఒకటో రకం కణాలుగా మారాలి. కొందరిలో ఈ మార్పు మధ్యలో చిక్కుకుని, చుట్టూ పీచు కణజాలం పేరుకుంటుంది. మెట్లెక్కితే నెలల తరబడి ఆయాసం తగ్గనిది అలాంటివారికే. వైరస్ పోయాక కూడా అక్కడే తిష్ఠ వేసిన సీడీ8 టి కణాలు, వాటితో కలిసి మాక్రోఫేజ్‌లు విడిచే ఐఎల్-1బీటా ఈ మరమ్మతును అడ్డుకుంటున్నాయని 2024లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. ఎలుకల్లో ఆ ఐఎల్-1బీటాను, లేదా ఇంటర్‌ఫెరాన్-గామా, టీఎన్ఎఫ్‌లను అడ్డుకుంటే, అదీ తీవ్ర దశ దాటాక అడ్డుకుంటే, కొత్త వాయుగోణి కణాలు మళ్లీ పుట్టుకొచ్చాయి.